డిస్కస్ చేపలు ఎవరి దగ్గర కొనాలి: పెంపకంలో పుట్టిన చేపను ఎంచుకునే పద్ధతి

డిస్కస్ కొనాలనుకోగానే అందరి దృష్టీ రంగు మీదికే పోతుంది. ఎర్ర టర్కాయిస్ బాగుంటుందా, పిజియన్ బ్లడ్ బాగుంటుందా, మచ్చల లెపర్డ్ బాగుంటుందా అన్న చర్చతోనే ప్రయాణం మొదలవుతుంది. చేప బాగా బతకడానికీ ఆ రంగుకూ సంబంధం చాలా తక్కువ. అది ఎవరి దగ్గర పుట్టింది, తొలి నెలల్లో ఏం తిని పెరిగింది, ఎన్ని చేతులు మారి మన ట్యాంకుకు వస్తోంది అన్నవే దాని ఆకారాన్నీ ఆయుష్షునూ చాలావరకు తేలుస్తాయి. సరిగ్గా పెరిగిన డిస్కస్ ఇంటి ట్యాంకులో పదేళ్ల దాకా ఉండగలదు. నాసిరకం పెంపకం నుంచి వచ్చిన చేపను తర్వాత ఎంత శ్రద్ధగా చూసినా పోయిన ఎదుగుదల తిరిగి రాదు. అందుకే చేపను ఎంచుకునే ముందు దాన్ని పెంచిన మనిషిని ఎంచుకోవాలి. ఆ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

పుట్టుక దగ్గరే తేలిపోయే విషయాలు

డిస్కస్ అమెజాన్ నదీ పరీవాహక ప్రాంతపు చేప, సిక్లిడ్ కుటుంబానికి చెందినది. ఆస్ట్రియా శాస్త్రవేత్త యోహాన్ హెకెల్ 1840లో దీన్ని మొదట వర్ణించి సింఫిసోడాన్ అనే ప్రజాతి పేరు పెట్టారు. చాలా అక్వేరియం చేపల నుంచి దీన్ని వేరుచేసేది పిల్లలను సాకే తీరు. గుడ్లు రెండున్నర, మూడు రోజుల్లో పగులుతాయి. మరో రెండు మూడు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టి నేరుగా తల్లిదండ్రుల ఒంటికి అతుక్కుంటాయి. చర్మం మీద ఊరే జిగురే వాటి తొలి ఆహారం. ఒక చేప అలసిపోగానే ఒళ్లు విదిలించి పక్కకు జరుగుతుంది, పిల్లల మంద మొత్తం రెండో చేప మీదికి వెళుతుంది. గుడ్లు పెట్టిన తర్వాత ఆ జిగురులో మాంసకృత్తులు, ప్రతిరక్షకాలు పెరుగుతాయని 2010లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

జిగురు దశ దాటాక పిల్లలకు రోజుకు ఎన్నోసార్లు ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలు, ఆపైన మెత్తటి మేత పెట్టాలి. అన్నిసార్లు మేత వేస్తే నీరు పాడవుతుంది కాబట్టి అంతే తరచుగా నీరు మార్చాలి. ఈ చాకిరీ మానకుండా చేసేవారి దగ్గర చేప గుండ్రంగా, దళసరిగా ఎదుగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి మేత తగ్గించినా, చిన్న ట్యాంకులో వందల పిల్లలను కుక్కినా చేప గిడసబారిపోతుంది. ఈ గిడసబారడం తొలి ఏడాదిలోనే జరుగుతుంది, దానికి మందు లేదు. మనం కొనే చేప ధరలో నిజానికి ఈ శ్రమ ధరే ఉంటుంది. మరీ చవకగా దొరికిందంటే ఎక్కడో ఒక చోట ఆ శ్రమ పడలేదని అర్థం.

మొదటి అడుగు: మీ నీటిని తెలుసుకోండి

ఎవరి దగ్గరికైనా వెళ్లే ముందు మీ కుళాయి నీటి పీహెచ్, కాఠిన్యం, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కొలిచి రాసి పెట్టుకోండి. అడవిలో పట్టిన డిస్కస్‌కు మెత్తని, అంటే కాఠిన్యం తక్కువగా ఉండి, ఆమ్లగుణం ఉన్న నీరు కావాలి. తరతరాలుగా ట్యాంకుల్లో పుట్టిన చేపలకు అంత పట్టింపు లేదు. పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య నిలకడగా ఉంటే హాయిగా పెరుగుతాయి. గుడ్లు పెట్టించాలనుకున్నప్పుడే చాలా మెత్తని నీటి అవసరం వస్తుంది. వేడి మాత్రం అందరికీ ఒక్కటే, 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్.

నీటి కొలతలకూ అమ్మేవారిని ఎంచుకోవడానికీ నేరుగా సంబంధం ఉంది. మీ నీటికి దగ్గరగా ఉన్న నీటిలో పెరిగిన చేప మీ ఇంట్లో త్వరగా కుదురుకుంటుంది. పూర్తిగా వడపోసిన మెత్తని నీటిలో పెరిగిన చేపను ఒక్కరోజులో కఠిన జలంలోకి మార్చినా, అటుది ఇటు చేసినా దాని ఒంట్లో ఉప్పు, నీటి సమతౌల్యం దెబ్బతింటుంది. రోజూ ఆమ్లం కలిపి పీహెచ్ దించుతూ పోయే బదులు, మీలాంటి నీటిలోనే పెంచేవారిని వెతకడం మంచిదని నా నమ్మకం.

ట్యాంకు కూడా ముందే సిద్ధం కావాలి. ఎదిగిన ఒక్కో చేపకు 40 లీటర్ల లెక్కన ఆరింటికి 240 లీటర్లు. ఫిల్టర్‌లో బాక్టీరియా స్థిరపడి, చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు రెండూ సున్నా చూపించాలి. అప్పటిదాకా చేపల కోసం ఎవరికీ ఫోన్ చేయకండి.

రెండో అడుగు: అమ్మేవారు ఎన్ని రకాలో గుర్తించండి

చేప మన దాకా రావడానికి నాలుగు దారులున్నాయి. నా దృష్టిలో అన్నిటికన్నా మేలైనది స్వయంగా పెంచి అమ్మే పెంపకందారు. తల్లిదండ్రులను చూడవచ్చు, పిల్లల వయసు రోజులతో సహా తెలుస్తుంది, ఒకే నీటిలో ఒకే మేత మీద పెరిగిన తోబుట్టువులు దొరుకుతాయి. ఇంట్లో నాలుగైదు జతలు పెట్టుకుని ఏడాదికి కొన్ని ఈతలు (ఒక్కో విడత పిల్లలు) మాత్రమే తీసే అభిరుచిపరుల్లోనూ అద్భుతమైన పెంపకందారులున్నారు. వారి దగ్గర రకాలు తక్కువ ఉండవచ్చు, చేపల ఆరోగ్యం మాత్రం పెద్ద ఫారాలకు ఏమీ తీసిపోదు.

రెండోది, విదేశీ ఫారం నుంచి తెప్పించి అమ్మే దిగుమతిదారు. మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్, జర్మనీ ఈ చేపల పెంపకానికి ప్రసిద్ధి. జర్మనీలోని స్టెండ్కర్ వంటి ఫారాల పేరు డిస్కస్ పెంచేవాళ్లందరికీ తెలుసు. పేరు గొప్పదైనా చేప గొప్పదని దానంతట అదే రుజువైపోదు. ఫారం నుంచి బయలుదేరాక జరిగిందే ముఖ్యం. మంచి దిగుమతిదారు ఒక ఫారం చేపలను మరో ఫారం చేపలతో కలపడు, వచ్చిన సరుకును కనీసం మూడు నాలుగు వారాలు తన దగ్గర ఉంచి, బాగా తింటున్నాకే అమ్ముతాడు. పెట్టె దిగిన రోజునే అమ్మేసేవాడు ఆ భారం మొత్తం మన ఇంటికి పంపిస్తున్నట్టే.

మూడోది, అన్ని రకాల చేపలూ ఉండే దుకాణం. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. చాలా దుకాణాల్లో ట్యాంకులన్నిటికీ ఒకే ఫిల్టర్ ఉంటుంది, ఒక ట్యాంకు నీరు అన్నిటి గుండా తిరుగుతుంది. ఒకే వల అన్ని ట్యాంకుల్లోనూ మునుగుతుంది. ఏంజెల్ చేపలు తమకు ఏమీ కాకపోయినా డిస్కస్‌కు ప్రమాదకరమైన పరాన్నజీవులను మోసుకురాగలవు. డిస్కస్‌కు వేరే ట్యాంకు, వేరే ఫిల్టర్, వేరే వల ఉన్న దుకాణమైతే ఆలోచించవచ్చు.

నాలుగోది అడవి చేపలు. వాటి అందం వేరు, వాటి మీద ఆధారపడి అమెజాన్ తీరాన బతికే కుటుంబాలున్నాయి, ఆ వ్యాపారం మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. కానీ వాటికి కావలసిన నీరు, క్వారంటైన్ (కొత్త చేపలను కొన్నాళ్లు విడిగా ఉంచి గమనించడం), అనుభవం వేరు. మొదటిసారి డిస్కస్ పెట్టేవారు పెంపకంలో పుట్టిన చేపతోనే మొదలుపెట్టాలి.

మూడో అడుగు: అడగాల్సినవి అడగండి

ఫోనులోనైనా ఎదురుగానైనా ఈ మాటలు తప్పక జరగాలి:

- ఈ చేపలు మీ దగ్గరే పుట్టాయా? కాకపోతే ఎక్కడి నుంచి వచ్చాయి, వచ్చి ఎన్ని వారాలైంది?
- వయసెంత? ఇవన్నీ ఒకే ఈత పిల్లలేనా?
- పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే పెరిగాయా, గుడ్లు విడిగా తీసి పెంచారా?
- ఏం తింటాయి, రోజుకు ఎన్నిసార్లు?
- మీ నీటి పీహెచ్, టీడీఎస్, వేడి ఎంత? నీరు ఎన్నాళ్లకోసారి, ఎంత మారుస్తారు?
- ఈ మూడు నెలల్లో ఏ మందులు వాడారు? ఎందుకు?
- వేరే చోటి చేపలను వీటితో కలిపారా?

జవాబుల్లో అంకెలు వినిపించాలి. “బాగా చూసుకుంటాం”, “ఏదైనా తింటాయి” అన్నవి జవాబులు కావు. వయసు చెప్పగానే పరిమాణంతో పోల్చి చూడండి. మూడు నెలల పిల్ల సుమారు 5, 6 సెంటీమీటర్లు, ఏడాది చేప 12 నుంచి 14 సెంటీమీటర్లు ఉండటం మామూలు. మూడు నెలలదని చెప్పిన చేప తీరు చూస్తే ఆరు నెలలదిలా ఉండి, ఒళ్లు మాత్రం చిన్నగా ఉంటే అది గిడసబారిన చేపే.

మందుల ప్రశ్నకు వచ్చే జవాబును నేను అన్నిటికన్నా శ్రద్ధగా వింటాను. “ఫలానా నెలలో మొప్ప పురుగు వచ్చింది, ఫలానా మందు వేశాం, ఆపి ఇన్ని వారాలైంది” అని చెప్పేవారు నమ్మదగినవారు. మాకు ఎప్పుడూ ఏ జబ్బూ రాలేదనేవారికన్నా వీరు వెయ్యి రెట్లు నయం. రోజూ నీటిలో యాంటీబయాటిక్ వేసి ఉంచే చోట చేపలు నిగనిగలాడుతూ కనిపిస్తాయి, మన ఇంటికి వచ్చి మందు ఆగాక అసలు జబ్బు బయటపడుతుంది. పైగా మందులకు లొంగని బాక్టీరియా కూడా వెంట వస్తుంది.

ఇన్ని ప్రశ్నలకు విసుక్కునే వ్యాపారి దగ్గర కొనకండి. చేపలను ప్రేమగా పెంచేవారు ఈ ప్రశ్నలు అడిగితే సంతోషిస్తారు, తిరిగి మీ ట్యాంకు గురించి మిమ్మల్నే నాలుగు అడుగుతారు. సిద్ధంగా లేని ఇంటికి చేపను అమ్మనని చెప్పే పెంపకందారు కనిపిస్తే ఆయన నంబరు భద్రంగా దాచుకోండి.

నాలుగో అడుగు: మేత వేళకు వెళ్లి చూడండి

వీలైతే మేత వేసే సమయానికే వెళ్లండి. మొదట ట్యాంకుకు రెండడుగుల దూరంలో కదలకుండా నిలబడండి. ఆరోగ్యంగా ఉన్న డిస్కస్ మందకు మనిషి అంటే భయం ఉండదు, కాసేపటికే అద్దం దగ్గరికి వచ్చి మన ముఖం వైపు చూస్తుంది. రెక్కలన్నీ విప్పుకుని ఉంటుంది. వెనక మూలలో, నల్లబడిన ఒంటితో, తల కిందికి వాల్చి నిలబడిన చేప ఉంటే అది ఒక్కటే అయినా సరే, ఆ ట్యాంకు మొత్తాన్ని అనుమానించాలి. మనం కొనబోయే చేప దానితో కలిసి అదే నీటిని పీలుస్తోంది.

ఇప్పుడు దగ్గరికి జరిగి కన్ను చూడండి. కన్ను వయసుతో పాటు పెరుగుతూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం మేత సరిగ్గా అందితేనే పెరుగుతుంది. చిన్న ఒంటిలో పెద్ద కన్ను గుడ్లప్పగించినట్టు కనిపిస్తే ఆ చేప ఆకలితో పెరిగిందని తెలుసుకోవచ్చు. పిల్లల్లో కన్ను కాస్త పెద్దగానే ఉంటుంది కాబట్టి అదే ట్యాంకులోని తోబుట్టువులతో పోల్చండి. తర్వాత ఆకారం. పక్క నుంచి చూస్తే ఒళ్లు గుండ్రంగా, ఎత్తూ పొడవూ దాదాపు సమానంగా ఉండాలి. పొడవుగా సాగినట్టున్నది వద్దు. చేప మన వైపు తిరిగినప్పుడు నుదురు చూడండి. కళ్లపైన కండ నిండుగా ఉండాలి. అక్కడ కత్తి అంచులా పలచబడి ఉంటే చాలాకాలంగా తినడం లేదు, లేదా తిన్నది పేగుల్లోని పరాన్నజీవులకు పోతోంది.

మొప్పల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. రెండు మొప్ప మూతలూ ఒకే లయలో, నెమ్మదిగా తెరుచుకుని మూసుకోవాలి. ఒక వైపు గట్టిగా మూసుకుని రెండో వైపుతోనే ఊపిరి పీలుస్తుంటే మొప్ప పురుగులు ఉన్నాయని బలంగా అనుమానించాలి. ఒంటిని ఫిల్టర్ గొట్టానికో అద్దానికో రాసుకోవడం కూడా అదే సంగతి చెబుతుంది. మొప్ప మూత పొట్టిగా ఉండి లోపలి ఎర్రటి మొప్ప కనిపిస్తే అది పెంపకంలో వచ్చిన లోపం, బాగుపడదు.

రెట్ట చూడటానికి మొహమాటపడకండి. తిన్న మేతను బట్టి అది ముదురు రంగులో ఉండాలి. తెల్లగా, జిగురుగా, దారంలా వేలాడుతుంటే పేగుల్లో హెక్సామిటా వంటి ఏకకణ జీవులో, నులిపురుగులో ఉండవచ్చు. తల మీద సూది గుచ్చినట్టు గుంటలు పడి ఉంటే అది ఇంకా ముదిరిన దశ కావచ్చు.

చివరగా మేత వేయమని అడగండి. ఇదే అసలు పరీక్ష. మంద మొత్తం ఒక్కసారిగా కదలాలి. అడుగున పడిన మేత మీదికి చేప నోటితో నీటిని ఊది, ఎగిరిన ముక్కను అందుకుంటుంది. ఆకలిగా ఉన్న డిస్కస్ సహజంగా తినే తీరు ఇది. నోట్లోకి తీసుకుని మళ్లీ ఉమ్మేసే చేపను, తిండి వైపు తిరగని చేపను ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. “ఇప్పుడే తిన్నాయి, ఆకలి లేదు” అన్న మాట వినిపిస్తే మరో రోజు వస్తానని చెప్పి నిజంగానే మరో రోజు వెళ్లండి. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగుల మీద మాత్రమే పెరిగిన చేపలతో ఇబ్బంది ఉంది. ఆ పురుగులు జబ్బులు తేగలవు, చేప వేరే మేత ముట్టదు. గుళికల మేత, గడ్డకట్టించిన మేత రెండూ తినే చేప కావాలి.

అమ్మకానికి పెట్టిన నాలుగు చేపలను చూసి వచ్చేయకండి. అదే ఈతలో మిగిలినవన్నీ ఎలా ఉన్నాయో చూపించమనండి. వంద పిల్లల్లో నాలుగు బాగుండటం యాదృచ్ఛికం, ఎక్కువ భాగం ఒకే పరిమాణంలో, ఒకే ఆకారంలో ఉంటే అది పెంపకం.

ఐదో అడుగు: ఇప్పుడు రంగు

ఇక్కడి దాకా నచ్చితే రంగు మాట్లాడుకోవచ్చు. 5 సెంటీమీటర్ల పిల్ల పెద్ద చేపలా మెరిసిపోతుంటే సంతోషించకండి, సందేహించండి. చాలా రకాల్లో నీలం, టర్కాయిస్ గీతలు చేప ఎదిగే కొద్దీ మెల్లగా వస్తాయి. పిల్లలకు హార్మోన్లు పెట్టి ముందే రంగు తెప్పించే అలవాటు వ్యాపారంలో ఉంది. అలాంటి చేపల రంగు తర్వాత వెలిసిపోవడమే కాదు, సంతానోత్పత్తి శక్తి కూడా దెబ్బతినవచ్చు. ఎరుపు విషయం వేరు. మేతలో ఆస్టాక్సాంథిన్ వంటి వర్ణకాలు ఉంటే ఎరుపు గాఢమవుతుంది, అది మోసం కాదు, కానీ ఆ మేత ఆగితే కొంత తగ్గుతుంది. అందుకే ఏ మేత పెడుతున్నారో అడిగి అదే కొనసాగించండి.

పిజియన్ బ్లడ్ 1990ల ఆరంభంలో థాయ్‌లాండ్‌లో వెలుగులోకి వచ్చిన రకం. దాని సంతతి చేపల ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు రావడం సహజం. నేపథ్యం నల్లగా ఉన్న ట్యాంకులో చుక్కలు పెరుగుతాయి, లేత రంగు నేపథ్యంలో తగ్గుతాయి. తెల్ల ట్యాంకులో మచ్చలేకుండా కనిపించిన చేప మీ నల్ల నేపథ్యంలో చుక్కలు తేలితే అమ్మినవారిని తప్పుపట్టకండి. అమ్మేవారి ట్యాంకు నేపథ్యం ఏ రంగులో ఉందో ముందే గమనించుకోవాలి.

తల్లిదండ్రులను చూపించమనండి. పిల్ల ఏ రంగుకు ఎదుగుతుందో తెలియడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు.

ఆరో అడుగు: ఎన్ని, ఎంత పెద్దవి

ఒకేసారి, ఒకే చోట, ఒకే ఈత నుంచి ఆరు. ఈ మార్గదర్శిలో మరేది మరిచిపోయినా ఈ వాక్యం గుర్తుంచుకోండి. డిస్కస్ మందలో బతికే చేప. రెండో మూడో ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని తిననివ్వకుండా తరుముతుంది, ఆరు ఉంటే ఆ దూకుడు పంచుకుపోతుంది. ఇక్కడ రెండు, అక్కడ మూడు అని వేర్వేరు చోట్ల కొంటే ఒక్కో గుంపుకు అలవాటైన సూక్ష్మజీవులు మరో గుంపుకు కొత్త. విడివిడిగా ఆరోగ్యంగా ఉన్న రెండు గుంపులను కలిపాక రెండూ జబ్బుపడటం డిస్కస్ పెంపకంలో తరచూ జరిగేదే.

పరిమాణం 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటే కొత్తవారికి అనువు. అంతకన్నా చిన్నవి చవక, కానీ రోజుకు ఐదారుసార్లు మేత, దాదాపు రోజూ నీటి మార్పిడి చేయగలిగితేనే తీసుకోండి. “గుడ్లు పెట్టే జత” అని అమ్మేవాటి జోలికి మొదట్లో పోకండి. నిజంగా బాగా పిల్లలు తీసే జతను పెంపకందారు ఎందుకు వదులుకుంటున్నాడో ఆలోచించాలి, చాలాసార్లు వాటికి వయసు మళ్లి ఉంటుంది.

ఏడో అడుగు: దూరం నుంచి తెప్పించుకుంటే

ఫొటో చాలదు. మీకు పంపబోయే చేపలే మేత తింటున్న వీడియో, అదే రోజు తీసినది అడగండి. వీడియోలో రంగులు ఎక్కువ చేశారో లేదో చేపను చూస్తే తెలియదు, పక్కనున్న ఫిల్టర్ స్పాంజి, అమ్మేవారి చెయ్యి సహజంగా ఉన్నాయో లేదో చూస్తే తెలుస్తుంది.

పంపే ముందు ఒక రోజు మేత ఆపాలి, లేకపోతే సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది. ఒక్కో చేప విడి సంచిలో, మూడో వంతు నీరు, మిగతా అంతా ఆక్సిజన్, వేడి పోని థర్మాకోల్ పెట్టె. దారిలో చనిపోతే ఏం చేస్తారు, ఎన్ని గంటల్లో ఫొటో పంపాలి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మరీ చలి, మరీ ఎండ ఉన్న రోజుల్లో పంపవద్దని చెప్పండి. “వాతావరణం బాగాలేదు, వచ్చే వారం పంపుతాను” అని తనంతట తానే చెప్పేవారిని నమ్మవచ్చు.

పెట్టె వచ్చాక సంచి మూతి తెరవకుండానే ట్యాంకు నీటిపై పది, పదిహేను నిమిషాలు తేల్చి వేడి సమం చేయండి. గంటల తరబడి ప్రయాణించిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందుకే అమ్మోనియా అంత హాని చేయదు. సంచి తెరవగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి తెరిచాక చేపను ఆ నీటిలో గంటలపాటు నానబెట్టకూడదు. మీ నీటి పీహెచ్, టీడీఎస్ ముందే పంపినవారి నీటికి దగ్గరగా సిద్ధం చేసుకుని, చేపను త్వరగా మార్చేయండి. సంచి నీటిని ట్యాంకులో పోయకండి. ఆ రోజు దీపం వేయకండి, మేత మర్నాడు కొద్దిగా వేయండి.

ఎనిమిదో అడుగు: క్వారంటైన్

ఇంట్లో ముందే చేపలుంటే కొత్తవాటికి విడి ట్యాంకు తప్పనిసరి. అడుగున ఇసుక లేకుండా, స్పాంజి ఫిల్టర్, హీటర్, విడి వల, విడి గొట్టంతో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. అడుగు ఖాళీగా ఉంటే రెట్ట, మిగిలిన మేత కళ్లకు కనిపిస్తాయి. జబ్బు గుర్తులు లేనప్పుడు ముందుజాగ్రత్త పేరుతో మందులు వేయకండి, నీరు మార్చడమే మంచి మందు.

గడువు ముగిశాక నేరుగా కలపకుండా, పాత మందలోంచి ఒక చేపను కొత్తవాటి ట్యాంకులోకి మార్చి రెండు వారాలు గమనించండి. అటూ ఇటూ ఎవరికీ ఏమీ కాకపోతేనే అందరినీ ఒకచోట చేర్చండి.

ఈ వారాల్లో తిండి ఎలా ఉంది, రెట్ట ఎలా ఉంది అన్నది రోజూ ఒక్క వాక్యం రాసుకుని, వారానికోసారి అమ్మినవారికి పంపండి. డబ్బు చేతికి వచ్చాక కూడా ఓపికగా జవాబిచ్చేవారైతే, మళ్లీ చేపలు కావలసివచ్చినప్పుడు వారి దగ్గరికే వెళ్లండి. అప్పుడు కూడా, తెలిసిన చోటి చేపే అయినా, క్వారంటైన్ ట్యాంకు మళ్లీ సిద్ధం చేయాల్సిందే.